సాకమన్న అవ్వ

దేవుడు నాకు పాట ఇవ్వలేదు, మాట కూడా ఇవ్వలేదు. నేను పాడితే పక్కన పాడేవాళ్లు కూడా రాగం తప్పేవారు. నాలుగు మాటలు చెప్పమని నిలబెడితే నోరు ఎండిపోయి, "ప్రియులారా" అన్న తర్వాత మళ్లీ "ప్రియులారా" అని కూర్చునేదాన్ని. అటువంటిదాన్ని తీసుకొచ్చి ఒక ఉపదేశికి కట్టబెట్టారు. ఉపదేశి అంటే వారమంతా పల్లెలో పిల్లలకు బడి చెప్పి, ఆదివారం ప్రార్థన జరిపించే మనిషి. ఆయన భార్యకు జీతం ఉండదుగానీ సగం పని ఆమెదే అని అందరూ అనుకుంటారు.

నాకు అమ్మా నాన్నా గుర్తు లేరు. కడప వైపు ఒక మిషను బోర్డింగులో పెరిగాను. నన్ను సాకింది అక్కడి మేట్రనమ్మ. సాకడమంటే మా వైపు కన్నబిడ్డలాగా దగ్గరుంచుకుని పెంచడం. "ఇది నేను సాకిన పిల్ల" అని ఆమె నలుగురిలో అంటే నాకు ఆ పూట అన్నం లేకపోయినా ఫరవాలేదనిపించేది.

పెళ్లి కాగానే నా భర్తను ఆలూరు అవతల ఒక పల్లెకు వేశారు. ఆ తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్త. జిల్లా మారిందిగానీ నోళ్లు మారలేదు. తెలుగులో సగం కన్నడం కలిపి మాట్లాడేవారు. అంగట్లో "దుడ్లు తెచ్చినావా?" అని అడిగితే దుడ్డుకర్ర తెమ్మంటున్నారేమోనని భయపడి ఇంటికి తిరిగొచ్చినదాన్ని నేను. డబ్బులని నా భర్త చెప్పేదాకా తెలియలేదు.

బయల్దేరే ముందు మా బోర్డింగు దొరసాని నన్ను పిలిచింది. తెలుగు పుస్తకం చదివినట్టు మాట్లాడేది ఆమె. "నీవు నోటితో చెప్పలేకపోయినచో నీ చేతులతో చెప్పుము. నీ దయను చూచి వారు దేవుని తెలిసికొందురు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రసంగం తప్పింది, దయ చూపిస్తే సరిపోతుంది. ఆ ఊళ్లో దిగిన రోజు నుంచి ఎవరి మీద దయ చూపిద్దామా అని కాచుకుని కూర్చున్నాను.

మొదట దొరికింది మా పక్కింటామె. ఊరికి దూరంగా మా క్రైస్తవుల గుడిసెలున్న వీధిని అక్కడ గేరి అంటారు. ఆ గేరిలో ఆమె ఇంటి వెనక ముళ్లకంప గుట్టగా పడి ఉంటే, పాపం తీరిక లేదు కాబోలని, ఆమె కూలికి పోయిన పూట అంతా లాగి తగలబెట్టాను. అది ఆమె మేకల దొడ్డికి కట్టుకున్న అడ్డం. మేకలన్నీ పోయి ఊరి రెడ్డి గారి జొన్నచేలో పడ్డాయి. వాటిని పట్టి తేవడానికి నా భర్త పంచె ఎగగట్టి పొద్దుగూకేదాకా పరుగెత్తాడు. "దయచేయండి అన్న మాటకు రమ్మనే కాదు, ఇంక పొమ్మని కూడా అర్థం ఉంది. అది గుర్తు పెట్టుకో" అన్నాడు ఇంటికొచ్చి, కాళ్లలో ముళ్లు తీసుకుంటూ.

నేను గుర్తు పెట్టుకోలేదు. గేరికీ ఊరికీ మధ్య, దోవ పక్కన, కురుబల అవ్వ ఒకామె ఇల్లు ఉండేది. గొర్రెలు మేపుకునే కులం వాళ్లది. అవ్వ పుట్టింది బళ్లారికి అవతల. కోడలిగా వచ్చి ఈ ఊళ్లోనే ముసలిదయిందిగానీ, తెలుగులో ఎత్తుకున్న మాట కన్నడంలో దించేది. కొడుకు మందను తోలుకుని తుంగభద్ర ఒడ్డుకు పోయాడు. అవ్వ జారిపడి కాలికి దెబ్బ తగిలించుకుని అరుగు మీదే ఉండిపోయింది. మరిది కొడుకు పెళ్లాం వచ్చి కడవెడు నీళ్లూ ఇంత సంగటీ పెట్టి పోయేది. ఆ శెనక్కాయ పీకే రోజుల్లో మాత్రం వాళ్లందరూ పక్క ఊరి చేలకు కూలికి పోయి, అక్కడే ఉండిపోయారు.

అటువంటి ఒక మధ్యాహ్నం నేను బడి దగ్గరున్న నా భర్తకు జొన్న అంబలి తీసుకుపోతున్నాను. అవ్వ ముందర సత్తు గిన్నె ఖాళీగా ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. జాలి కలగాల్సిన చోట నాకు ముందు సంతోషం కలిగింది. పని దొరికిందనుకున్నాను.

మా చేతి నీళ్లు కూడా ఊళ్లోవాళ్లు ముట్టని కాలం అది. "అవ్వా, అంబలి పోసేదా?" అని దోవలోనే నిలబడి అడిగాను. అవ్వ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. గిన్నెను మెల్లగా అరుగు అంచుకు తోసింది. నేను కుండ ఎత్తి, గిన్నెకు తగలకుండా పైనుంచి పోశాను. సగం నిండిందో లేదో అవ్వ నోరు తెరిచింది.

"సాకు" అంది.

ఎవరో పెద్ద మనిషి, నా కులం కాదు, నా దేవుడు కాదు, నన్ను చూసి సాకు అంటోంది. నన్ను సాకమంటోంది. ఇరవై ఏళ్లు ఒకరు సాకితే పెరిగినదాన్ని, నన్ను ఒకరు సాకమని అడిగే రోజు వస్తుందనుకోలేదు. కళ్ల నిండా నీళ్లొచ్చాయి. "అట్లే అవ్వా, సాకుతాను" అని ఇంకొంచెం పోశాను.

"సాకమ్మా, సాకు" అంది అవ్వ, గొంతు పెంచి.

అంతగా బతిమాలుతుంటే ఎట్లా ఆపేది? గిన్నె పొర్లి అంబలి అరుగు మీదుగా కారింది. నా భర్త ఆ రోజు నీళ్లు తాగి పాఠం చెప్పాడు.

ఆ రోజు నుంచి రోజూ పోయేదాన్ని. అవ్వ గిన్నెకు చెయ్యి అడ్డం పెడితే మొహమాటమనుకుని వేళ్ల సందుల్లోంచి పోసేదాన్ని. "సాకు" అన్నప్పుడల్లా "సాకుతాను" అని మాటిచ్చేదాన్ని. ఆమె తాగుతుంటే దూరంగా కూర్చుని దేవుడి సంగతులు చెప్పేదాన్ని. మా ప్రార్థన గుడిలో రెండు మాటలు చెప్పలేని నేను అవ్వ ముందర మాత్రం గడగడా మాట్లాడేదాన్ని. కాలు బాగాలేక ఆమె లేచి వెళ్లలేదన్న ధైర్యం నాది. అవ్వ వేలితో గిన్నె అడుగు తుడిచి నాకేది. అది చూస్తుంటే నాకు కడుపు నిండేది. నిజం చెప్పాలంటే, దేవుడి పని అన్న మాటే మరిచిపోయి, రేపు ఏం కాచుకుపోదామా అని ఆలోచించేదాన్ని. నాకు ఒక అమ్మ దొరికినట్టుండేది.

నెలకొకసారి సైకిలు మీద వచ్చే మా పాదిరి అయ్యగారు ఒక ఆదివారం వచ్చారు. దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచాను. ఒక్కసారే "ప్రియులారా" అన్నాను. "ఊళ్లోని ఒక అవ్వ తనను సాకమని నోరు తెరిచి నన్ను అడిగింది" అన్నాను. ఆమె అన్న మాట అన్నట్టు చెప్పి ఉంటే గేరిలో ఎవరో ఒకరు అక్కడే నవ్వి పుణ్యం కట్టుకునేవారు. గుడి కదా అని నేను మంచి తెలుగులోకి మార్చి చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు. అయ్యగారు కళ్లు మూసుకుని, మన మందలోకి నడిచి వస్తున్న ఈ గొర్రెను దీవించమని ప్రార్థన చేశారు. గొర్రెలు కాసేవాళ్ల ఇంటి పెద్దను గొర్రెను చేశామని మాకెవరికీ తోచలేదు.

పొద్దు వాలేసరికి ఆ మాట ఊళ్లోకి పోయింది. అప్పటికి శెనక్కాయ పని ముగించుకుని మరిది కొడుకు పెళ్లాం తిరిగొచ్చి ఉంది. "కిరస్తానమోల్లు సాకుతారంట గదా, నీల్లు గూడా వాల్లే పోస్తార్లే" అని కడవ తిప్పుకుని పోయింది. మర్నాడు కులం పెద్దలు చావడి దగ్గర కూర్చుని మాకు కబురు పెట్టారు. అవ్వ మా చేతి తిండి తిన్నదని తేలితే వెలి. ఆమెకు నీళ్లు తెచ్చేవాళ్లు ఉండరు. కొడుకు మందతో తిరిగొచ్చినా తల్లి పక్కన కూర్చుని తినడానికి లేదు. చస్తే మోయడానికి నలుగురు రారు. ఇదంతా దోవలో నా భర్త చెప్పాడు.

మమ్మల్ని చావడికి ఎడంగా ఎండలో నిలబెట్టారు. అవ్వను ఇద్దరు పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. కులం పెద్ద నన్ను అడిగాడు.

"ఏమ్మా, ఈ యవ్వ నిన్ను సాకమని అడిగిందంట, నిజమేనా?"

"నిజమే" అన్నాను. "రోజూ అడుగుతుంది. నేను అంబలి పోస్తుంటే సాకు, సాకమ్మా అంటుంది."

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు చావడంతా పాకింది. పెద్దాయన కూడా తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

"కన్నడంలో సాకు అంటే సాలు అని గదమ్మా. ఆయమ్మ సాలు సాలు అని మొత్తుకుంటాంటే నువ్వు పోస్తానే ఉంటివా?"

చాలన్నదాన్ని నేను సాకమన్నట్టు విన్నాను. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. నా భర్త మేకలు పట్టిన నాటి ముఖం పెట్టాడు. పోనీ, అవ్వ గండం గడిచింది కదా అనుకునే లోపల పెద్దాయన నవ్వు ఆపాడు.

"పోస్తివి సరే. ఆయమ్మ తాగిందా?"

అప్పుడు తెలిసింది, అంబలి సంగతి నా నోటితోనే బయటపెట్టానని. అవ్వ వైపు చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది. నేను ఆలోచించలేదు.

"తాగలేదు" అన్నాను. "నేను అటు తిరగ్గానే కుక్కకు పోసేది."

ఉపదేశి భార్యను, కట్టుకున్నవాడి ముందర, ఊరందరి ముందర, తడుముకోకుండా అన్నాను. జన్మలో మొదటిసారి నలుగురిలో నా మాట వణకలేదు. పెద్దాయన తల ఊపాడు. మరిది కొడుకు పెళ్లాం అవ్వను లేపడానికి ముందుకొచ్చింది.

"తాగితి" అంది అవ్వ.

అందరూ అటు తిరిగారు.

"దినామూ తాగితి. కుక్కకు యాడ పోస్తి? గిన్నె గూడా నాకితి. ఈ పాప నాకోసరం అబద్దమాడతాండాది. అబద్దమాడితే దేవుడు ఒప్పడని నా చెవులో ఇల్లు కట్టుకోని చెప్పిందీ ఈ పాపే. శానా ఆకలై ఉంటి. ఆయమ్మ పోసె, నేను తాగితి. తాగి తాగల్యాదనే నోరు నాకు ల్యాదు."

ఆ ఊళ్లో నేను చేసిన బోధ మొత్తంలో ఒక్క మాట ఒక్కరికి ఎక్కింది. అది కూడా నేను ఆమెను కాపాడదామనుకున్న నిమిషంలోనే పనిచేసింది. నాకు ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

మరిది కొడుకు పెళ్లాం పెద్దాయన వైపు తిరిగింది. "మేము శెనిక్కాయ పీకను పోయి ఈయమ్మను మరిస్తిమి మామా. ఆకలైనోల్లు ఏం జేస్తారు? తప్పు నాదీ ఉండాది."

పెద్దలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. వాళ్ల బీరప్ప గుడి దగ్గర అవ్వ తల మీద పసుపునీళ్లు పోసి, ఒక టెంకాయ కొట్టి, ఇంట్లోకి కలుపుకోవాలని తేల్చారు. "ఇంగ మీద ఆ గేరి కుండ ఈ యవ్వ ఇంటి తట్టు రాగూడదు" అన్నాడు పెద్దాయన నన్ను చూసి. నేను తల ఊపాను. వెలి తప్పినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను, ఏ మొహంతో పెట్టుకున్నానో నాకే తెలియదు.

అవ్వను లేపారు. ఆమె మరిది కొడుకు పెళ్లాం భుజం మీద చెయ్యేసి, కాలు ఈడ్చుకుంటూ నడిచింది. మేము నిలబడ్డ చోటికి ఎదురుగా వచ్చాక ఆగింది. మసక కళ్లతో నన్ను వెతికి పట్టుకుంది.

"రేపు రావాకు పాపా" అంది, రావద్దని చెయ్యి ఊపుతూ. "వస్తే మల్లా తాగుతా."

మర్నాడు పొద్దున్నే అంబలి కాచాను. కుండ ముందర పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం అయింది. నేను పోలేదు. ఆ ఊళ్లో నా చేతులతో ఎవరికైనా మేలు చేశానంటే, ఆ రోజు కుండ ఎత్తకుండా కూర్చోవడమే.