నీలిరంగు కింద పొలిమేర

మొన్న బెల్లంకొండ వైపు ఒక పెళ్లికి కారులో వెళ్తుంటే, పక్కన కూర్చున్న మా ఆవిడ ఫోనులో పటం తెరిచి, దారి సంగతి వదిలేసి, కృష్ణ వెడల్పుగా నీలంగా పరుచుకున్న చోట వేలితో పదేపదే నొక్కుతూ కనిపించింది. ఏం వెతుకుతున్నావని అడిగితే, ఏం లేదు, అలవాటు అని ఫోను ఒళ్లో బోర్లించుకుంది. ఆ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు గనుక మళ్లీ అడగలేదు.

నేను నరసరావుపేట డెస్కులో పనిచేస్తున్న రోజుల్లో మా పేపరు కొత్తగా నెట్లోకి అడుగుపెట్టింది. జిల్లాకో పటం పెట్టాలని, పాఠకుడు దాని మీద తన మండలం నొక్కగానే అక్కడి వార్తలు రావాలని హెడ్డాఫీసు ముచ్చటపడింది. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నెట్ అంటే టెలిఫోను తీగలోంచి కీచుమంటూ వచ్చేది, ఒక బొమ్మ కనపడాలంటే నాటకంలో తెర దించినట్టు పైనుంచి కిందికి మెల్లగా దిగేది. పాఠకుడికి కనిపించేది ఆ బొమ్మ ఒక్కటే. దాని మీద కంటికి కనపడని గీతలతో ప్రతి మండలం హద్దునూ మేం విడిగా గీసి ఉంచాలి. మౌసు బాణం ఏ గీత లోపల పడిందో దాన్నిబట్టి పేజీ తెరుచుకుంటుంది. బొమ్మ వేరు, గీత వేరు. ఈ ముక్క మొదట్లో నాకే ఒక పట్టాన బుర్రకెక్కలేదు.

మా డీటీపీ అమ్మాయి పాపం ఒక్కో మండలం అంచు వెంట చుక్క తర్వాత చుక్క నొక్కుకుంటూ ఆ గీతలన్నీ చేత్తోనే వేసింది. అంతా అయ్యాక, పటం పేజీలో పట్టడం లేదని హెడ్డాఫీసు ఆర్టిస్టు బొమ్మను కాస్త కుదించాడు. దాంతో ఏ గీతా తన మండలం మీద నిలవలేదు. ఆ అమ్మాయి టీ తాగొస్తానని వెళ్లి సాయంత్రం దాకా మళ్లీ కనపడలేదు.

అప్పుడు రంగంలోకి దిగినవాడు మా బావమరిది. కోటప్పకొండ రోడ్డులో చిన్న కంప్యూటర్ సెంటరు నడుపుతుండేవాడు. ఇది చేత్తో చేసే పనా బావా అని నన్ను చీవాట్లు పెట్టి, మండలాల హద్దులూ, ఊళ్ల పొలిమేరలూ అక్షాంశ రేఖాంశాల వరసలుగా ఉన్న ఒక ఫైలు ఎక్కడో సంపాదించి, వాటిని తెర మీది చుక్కలుగా మార్చి గీతలన్నీ దానంతటదే రాసిపెట్టే ప్రోగ్రాం తయారుచేశాడు. బొమ్మ ఎంత కుదించినా, ఎంత పెంచినా ప్రోగ్రాం మళ్లీ ఒకసారి నడిపితే చాలు. వాగు వెంట వంకర్లు పోయే పొలిమేరల్లో కంటికి ఆనని మలుపులను అదే వదిలేసేది, పేజీ తేలిగ్గా దిగడానికి.

పటం పెట్టిన మర్నాడే, జిల్లాకు ఉత్తరపు కొసనున్న దాచేపల్లి నుంచి మా విలేకరి ఫోను చేశాడు.

"ఏందన్నా ఇది, మా దాచేపల్లి నొక్కితే వినుకొండ వార్తలొస్తన్నయ్. ఈడ సున్నం బట్టీలోళ్లు పొద్దున్నే కూర్చొని మేకల సంత ధరలు చదువుతున్నారు."

తీరా చూస్తే, భూమి లెక్కలో ఉత్తరానికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది, కంప్యూటరు తెర మీద కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది. ఆ తిరకాసు మావాడు మరిచిపోయాడు. పైన బొమ్మ సలక్షణంగా ఉంది, దాని మీద కనపడని జిల్లా మాత్రం తలకిందులుగా వేలాడుతోంది. వినుకొండ విలేకరి ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడిగితే, కృష్ణ ఒడ్డు కబుర్లు చానా బాగున్నాయని చదువుకుంటున్నాడట.

అది సరిచేశాక, మండలం నొక్కితే దాని లోపలి ఊళ్లు కూడా వచ్చేటట్టు, ఊరు నొక్కితే ఆ ఊరి పేజీ తెరుచుకునేటట్టు చేశాం. ఆ ఏడు శివరాత్రి తిరనాళ్లకు మా అత్తగారు ఊరినుంచి వచ్చారు. ఆవిడ ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. పాతకాలపు మనిషి, అల్లుడితో ఎదురుగా మాట్లాడటం ఎరగరు. నేను అక్కడే కూర్చుని ఉన్నా, తలుపు వారగా నిలబడి తన కూతురితోనే అన్నారు.

"ఏమే, మీ ఆయన్నడుగు, మనూరు గూడా ఉందా అందులో?"

ఉందని నేనూ మా ఆవిడకే చెప్పాను. మా బావమరిది నొక్కి చూపించాడు. ఆవిడ చాలాసేపు తెర ముందు నుంచి కదల్లేదు.

తర్వాత కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు కట్టారు, నీళ్లు వచ్చాయి. ఒడ్డున ఉన్న ఊళ్లు ఖాళీ అయ్యాయి, వాటిలో అత్తగారి ఊరూ ఒకటి. ఒకే వీధివాళ్లు ఒక్కో పునరావాస కాలనీకి చెదిరిపోయారు, కొందరు ఏరు దాటి తెలంగాణ వైపు చుట్టాల దగ్గరికి చేరారు. అత్తగారు నరసరావుపేటలో కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఊరు పోయినా మా పటంలో ఊరి పేజీ మిగిలింది. ఎవరింట్లో పెళ్లయినా, ఎవరు పోయినా ఆ ఊరివాళ్లు నాకు కబురు చెప్పేవాళ్లు, నేను అందులో వేసేవాణ్ణి. ఒకరి సంగతి ఒకరికి తెలియడానికి వాళ్లకు అంతకంటే వేరే తావు లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది: పటంలో జలాశయం చూపించండి, మునిగిన ఊళ్లు తీసేయండి. ఆ ఒక్క ఊరైనా ఉంచమని నేను ఫోను చేసి బతిమాలితే, అవతలి కుర్ర అధికారి మర్యాదగానే నవ్వి, నీళ్లలో వార్తలేముంటాయండీ అన్నాడు.

ఆ రోజు మా ఆవిడతో కలిసి బావమరిది ఇంటికి వెళ్లి ఈ మాట చెబుతుంటే అత్తగారు వంటింట్లోంచి విన్నారు.

"ఏమే, ఊరెట్టాగూ పాయె. చావు కబురన్నా తెలుస్తుండె. అదీ తీసేస్తారంటనా, అడుగు."

మా బావమరిది కుర్చీ నా దగ్గరికి జరుపుకుని అన్నాడు. "బావా, వాళ్లు మార్చమన్నది బొమ్మనేగా. గీత సంగతి ఎవడికి తెలుసు?"

బొమ్మలో నీలిరంగు నింపాం. ఊరి పేరు చెరిపేశాం. ఆ నీలం మీద కనపడకుండా పొలిమేర గీతను మాత్రం ఉన్నచోటే ఉంచేశాం. హెడ్డాఫీసు చూసి, బాగుందంది. ఏరు మెలిక తిరిగే చోట నీళ్ల నడుమ నొక్కాలని కాలనీ నుంచి కాలనీకి మాట పాకింది. అత్తగారు కూడా ఒకరోజు మౌసు పట్టుకుని, తడబడుతూ నొక్కారు. నీళ్లు పోయి ఊరు తెరుచుకుంది. ఆవిడ నావైపు తిరగలేదు, కూతురితో అన్నారు.

"మీ ఆయనకి కాఫీ ఇయ్యవే, ఎప్పుడనగా వచ్చాడో."

కొన్నేళ్లకు ఆవిడ పోయినప్పుడు ఆ కబురు కూడా నేనే అందులో వేశాను. పెద్దకర్మకు మేం పిలవనివాళ్లు, మేం పోల్చుకోలేనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఎట్టా తెలిసిందని అడిగితే, ఏట్లో నొక్కి చూశాం అన్నారు, అది లోకంలో అందరూ చేసే పనే అయినట్టు.

ఆ తర్వాత పేపరు ఫోన్లలోకి వెళ్లింది. పటం పోయింది, దాంతో గీతలూ పోయాయి. ఇప్పటి ఫోను మనం ఎక్కడ నిలబడితే అక్కడి వార్తలు అడక్కుండానే పెడుతుంది. మంచిదే, కానీ నిలబడే చోటు లేకుండా పోయినవాళ్లు దేన్ని నొక్కాలో అది చెప్పదు. మా బావమరిదిని అడిగితే, ఆ ఫైలు ఇంకా తన దగ్గరే ఉంది గానీ దాన్ని వేసుకోవడానికి బొమ్మే లేదు బావా అంటాడు.

పెళ్లినుంచి తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ కునుకు తీస్తుంటే, ఆమె ఒళ్లోని ఫోను తీసుకుని ఏరు మెలిక తిరిగే చోట నేనూ రెండుసార్లు నొక్కాను. ఫోను ఆ చోటును ఇంకాస్త పెద్దది చేసి, ఇంకాస్త నీలం చూపించింది.