దసరా నాడు తీసేసిన లాగ్ ఫైల్

నా తప్పును తనదనుకుని ఒక మనిషి ఇన్నేళ్లుగా బతుకుతున్నాడు. ఆ బరువు మోయడం నావల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకైతే చెప్పగలుగుతున్నానేమో.

జహీరాబాద్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో నా మొదటి ఉద్యోగం. కంప్యూటర్ గదిలో ఇద్దరమే, నేనూ సంగప్పన్నా. ఆయన చెరకు తూచే కాటా దగ్గర చీటీలు రాస్తూ, నడివయసులో కంప్యూటర్ నేర్చుకుని ఆ గదిలోకి వచ్చినవాడు. అక్కడి సర్వర్ అంటే ఆయనకు ఎంత మురిపెమో! పొద్దున్నే రాగానే తన రుమాలుతోనే తుడిచేవాడు. మధ్యాహ్నం ఆయన జొన్నరొట్టె, అల్లం తొక్కు సగం నాకే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

రైతుల చెరకు నమోదంతా ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లోనే. అందులో జరిగే ప్రతి మార్పూ లాగ్ ఫైల్‌లో చేరుతుంది.

"ఇది దాని యాది తమ్మీ," అనేవాడు సంగప్పన్న. "కడుపు నిండితె బ్యాకప్ తీస్కొని ఖాళీ చెయ్యాలె. ఉత్తగ తీసెయ్యొద్దు."

ఆ పని నాకే అప్పగించాడు. రేపు, రేపు అంటూ వదిలేశాను. ఫైల్ పెరిగి పెరిగి డిస్కంతా మింగేసింది.

దసరా వచ్చింది. ఆయుధపూజకు సర్వర్‌కు కూడా బొట్టు పెట్టడం మా ఆనవాయితీ. సంగప్పన్న డేటాబేస్ ఆపి, పూలు తేవడానికి బయటికి వెళ్లాడు. పూజకు మేనేజర్ వస్తాడు, నా బద్ధకం బయటపడుతుందని భయం. పండగని అన్నీ శుభ్రం చేస్తున్నాం, ఇదీ అలాంటిదే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక ఇప్పుడు సర్దిచెప్పుకుంటున్నానా? ఏమో. బ్యాకప్ తీయకుండానే లాగ్ ఫైల్ తీసేశాను. సంగప్పన్న వచ్చి మెయిన్ స్విచ్ ఆపి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. మళ్లీ ఆన్ చేస్తే, ఆ ఫైల్ లేక, డేటాబేస్ తెరుచుకోలేదు.

పాత బ్యాకప్ తర్వాతి నమోదులన్నీ పోయాయి. రాయికోడ్ వైపు రైతులు పాపం చీటీలు పట్టుకుని మళ్లీ వచ్చి నిలబడ్డారు.

"నేను స్విచ్ బంద్ చేస్తెనే గిట్లయిందా తమ్మీ?" అని అడిగాడు సంగప్పన్న. "బొట్టు పెట్టంగ నీళ్లు గిట్ల పడ్డయా? నిజం చెప్పు."

"అట్లనే ఉన్నదన్నా," అన్నాను.

మర్నాడే ఆయన మేనేజర్‌ని అడిగి తిరిగి కాటా దగ్గరికి వెళ్లిపోయాడు. ఆపలేకపోయాను. భయం ఒక్కటే అయితే ఆ తర్వాతైనా చెప్పేవాణ్ని కదా? ఆయన కుర్చీ నాకొచ్చింది. నాకది నచ్చింది. అసలు సంగతి అది.

మొన్న బస్టాండ్‌లో కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. బలవంతంగా చాయ్ తాగించాడు. మా పిల్లల ఫొటోలు చూడమని నా ఫోన్ చేతికివ్వబోతే వెనక్కి జరిగాడు.

"నువ్వే పట్టుకో తమ్మీ. మిషన్లకు నా చెయ్యి అచ్చిరాదు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. అప్పుడైనా చెప్పాల్సింది. బస్సొస్తే ఎక్కేశాను.

ఆ ఫైల్ తీసేసింది నేను. ఈ మాట రాశాక గుండె కొంచెం తేలికపడింది, అబద్ధమెందుకు. కానీ తేలికపడింది నాకే. సంగప్పన్నకు ఇంకా తెలియదు.