కంప్యూటరుకు కప్పిన తడి గోనెపట్ట

కర్నూలులో ఎవరో ఆఫీసు ఎత్తేస్తుంటే ఆ కంప్యూటర్ కొన్నాను. అమ్మినాయన "రాయి మాదిరి ఉంటాదమ్మా, నమ్ము" అన్నాడు. నమ్మాను. నిజంగానే రాయి, కదిలేది కాదు. స్విచ్చేసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది.

మాది మగ్గం నేసే ఇల్లు. చూపు తగ్గి మా నాయన నేత మానేశాడు. ఆయన నేసిన చీరల అంచులు ఏ కాగితం మీదా లేవు, అన్నీ ఆయన తలలోనే. ఏ పోగు లేపాలో, ఏది దించాలో ఆయన చెబుతుంటే నేను కంప్యూటర్లో గళ్లు నింపేదాన్ని. ఆయనతో పాటు ఆ అంచులు పోకూడదని నా పంతం.

కానీ నాలుగు గళ్లు నింపితే చాలు, తెర మీద చక్రం తిరగడం మొదలయ్యేది. అది ఆగేలోపు నాయన కూడా ఆగిపోయేవాడు.

"యాడుండాం పాపా?"

"నెమలి మెడ కాడ నాయనా."

"ఈ పాడు మిషను కోసం కాచుకోని కాచుకోని నా లెక్కంతా పోతాంది."

పాపం ఆయన తప్పేముందనుకునేదాన్ని. నా కోపమంతా ఆ డబ్బా మీదే.

చివరికి దాన్ని కడప తీసుకుపోయి, పాత డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ పెట్టించాను, ర్యామ్ పెంచాను. పెట్టె విప్పితే ఫ్యాను నిండా మా ఇంటి నూలు పీచే! అదంతా ఊడ్చేసరికి డబ్బాకు ప్రాణం లేచొచ్చింది. మొరాయిస్తూ వచ్చిన నెమలి అంచు ఇంటికొచ్చాక ఒక్క పూటలో పూర్తయింది.

ఎండలు ముదిరాక మళ్లీ మొండికేసింది. రిపేరతనికి ఫోన్ చేశాను. "వేడెక్కుతాందక్కా. లోపల ఫ్యాను కింద పూసే పేస్టు ఎండిపోయింటాది, వచ్చి తీసుకుపో" అన్నాడు. వేడికే ఇలా చేస్తోందట అని ఇంట్లో చెప్పి కడప బస్సెక్కాను.

సాయంత్రం తిరిగొచ్చి గడపలోనే కొయ్యబారిపోయాను. కిటికీకి తడి గోనెపట్ట. బల్ల చుట్టూ తడి గోనెపట్ట. కంప్యూటర్ పెట్టె మీద ఇంకొకటి, నీళ్లు ధారగా కారుతూ. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. అమ్మ చెంబుతో నీళ్లు చిలకరిస్తోంది. నాయన కుర్చీలో కూర్చుని ఎక్కడ చల్లాలో చెబుతున్నాడు. మా ఎండలకు మగ్గం మీద పోగులు ఎండి పుటుక్కున తెగిపోతాయి, అందుకే వేసవిలో మగ్గం చుట్టూ గోనెపట్టలు తడిపి కడతాం. వేడి అనగానే వాళ్లకు తట్టిన వైద్యం అదే.

ఒక్క ఉరుకున పోయి ప్లగ్గు పీకేశాను.

"ఏం చేస్తాండారు మీరు! అంచులన్నీ దీంట్లోనే ఉండాయి కదా!"

అమ్మ బిక్కచచ్చిపోయింది. "నువ్వే కదమ్మా వేడికి సతాయిస్తాందంటివి."

నాయన మాత్రం నవ్వాడు. "పోతే పోనీలే పాపా. నేనుండా కదా? మళ్లా చెప్తా, రాసుకో. నెమలి అంచు. మొదట రెండు పోగులు లేపు..."

ఆయన వేళ్లు గాలిలో కదిలాయి.

"రెండు లేపు... రెండు..."

తెర నల్లగా ఉంది. ఏ చక్రమూ తిరగడం లేదు. అయినా నాయన ఆగిపోయాడు. అమ్మ వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

పెట్టె విప్పి, ప్రతి ముక్కా గుడ్డతో అద్ది, గాలి తగిలేచోట ఆరబెట్టాను. రెండు రోజులు దాని దగ్గరికి పోవడానికే భయమేసింది. ఆ తర్వాత పేస్టు పూసి, బిగించి, ఊపిరి బిగబట్టి స్విచ్చేశాను. వెలిగింది! రెప్పపాటులో నెమలి అంచు తెర నిండా పరుచుకుంది. ఒక్క గడి కూడా చెదరలేదు.

"నాయనా, ఏమీ పోలేదు, రా చూద్దువు!" అని కేకేశాను. ఆయనకు కనబడేలా బొమ్మను పెద్దది చేశాను.

ఆయన వచ్చి, తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి, చాలాసేపు చూశాడు.

"శానా బాగుండాది పాపా" అన్నాడు. "ఎవరు నేసిందిది?"