కొవ్వూరు రేవులో ఎక్కిళ్ల పాటలు

ఈ ప్రయాణం భక్తితో చేసింది కాదు, సరదాకి చేసిందీ కాదు. అచ్చంగా కడుపుమంటతో చేసింది.

ఒక సాయంత్రం మా ఆవిడ సుశీల ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఏవండీ, మీ ఎక్కిళ్ల పాటలు కొవ్వూరులో వాయిస్తున్నారు, చూశారా?" అంది. చూశాను. గోదావరి గట్టుమీద పెళ్లి బ్యాండువాళ్లు స్కా వాయిస్తున్నారు. చుట్టూ యాభై అరవై మంది ఆడామగా మోకాళ్లు పైకెత్తి గెంతుతున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

స్కా అంటే జమైకా అనే దీవిలో పుట్టిన సంగీతం. దెబ్బ పడాల్సిన చోట పడదు. రెండు దెబ్బల మధ్య ఉన్న ఖాళీలో గిటారు ఠక్కున మోగి ఆగిపోతుంది. దానిమీద ట్రంపెట్లు, శాక్సఫోన్లు ఊరేగుతుంటాయి. అందుకే మా ఆవిడ దానికి ఎక్కిళ్లని పేరు పెట్టింది. మా నాన్నగారికి కాకినాడ రేవు దగ్గర కొట్టు ఉండేది. నేను చదువుకునే రోజుల్లో ఒక ఓడ నావికుడు సబ్బులు కొనుక్కుని పోతూ ఒక క్యాసెట్టు నా చేతిలో పెట్టాడు. అప్పటినుంచి, అంటే జుట్టు నెరిసేదాకా, ఈ జిల్లాల్లో స్కా అభిమానిని నేనొక్కణ్ణేనని నమ్ముతూ వచ్చాను. ఒంటరితనం బాధే గానీ, అందులో కాస్త జమీందారీ కూడా ఉంది. అది పోయింది.

వీడియో కింద "మూఢాల్లో ప్రతి ఆదివారం" అని రాసి ఉంది. మూఢంలో పెళ్లిళ్లుండవు కదా, బ్యాండువాళ్లు ఖాళీ. జనం మంచి ముహూర్తాల కోసం పంచాంగం చూస్తే, వీళ్లు ముహూర్తాలు లేని రోజుల కోసం చూస్తున్నారన్నమాట. ఈ ఉపాయం నాకు తట్టనందుకు మరింత మండింది.

సంచిలో రెండు వస్తువులు పెట్టుకున్నాను. ఒకటి, నేను ఎప్పుడో కొనుక్కుని వీధిలో పెట్టుకోవడానికి సిగ్గుపడ్డ, స్కా వాయించేవాళ్లు పెట్టుకునే చిన్న అంచుల టోపీ. రెండోది, ఆ క్యాసెట్టు. అసలు వాణ్ణి నేనని రుజువు చూపించొద్దూ! అయితే అందులో ఒక లోపం ఉంది. మూడో పాట మధ్యలో నా వేలు జారి ఎర్ర మీట నొక్కుకుపోయింది. పాట తెగిపోయి, వంటింట్లోంచి మా అమ్మ పిలుపు రికార్డయింది: "బాబూ, అన్నం చల్లారిపోతోందిరా!" తర్వాత మళ్లీ పాట. ఎవరైనా వింటే పరువు పోతుందని ఆ ముక్క వచ్చినప్పుడల్లా ముందుకు తిప్పేసేవాణ్ణి. అమ్మ పోయి ఆరేళ్లయింది. మా టేపురికార్డరు అంతకు ముందే మూలపడింది.

ఆదివారం పొద్దున్నే కాకినాడలో పాసింజరు ఎక్కాను. వెళ్లదలచినవారికి ఒక మాట: సామర్లకోట దాకా సీటు దొరుకుతుంది, ఆ తర్వాత దైవాధీనం. ఎదురుగా పంచెకట్టు పెద్దాయన ఒకరు కూర్చున్నారు.

"ఎందాకండి?"

"కొవ్వూరండి."

"పెళ్లా అండి?"

"మూఢంలో పెళ్లేంటండి!"

"అయితే ఏదైనా కార్యమా?" అన్నారు జాలిగా గొంతు తగ్గించి.

"పాటలు వినడానికండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అంత దూరమా! ఫోనులో రావటం లేదా అండి?"

రాజమండ్రిలో దిగి, స్టేషను బయట పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం పచ్చడి ఘాటుగా ఉంది, నా మనసుకు తగ్గట్టు. రాత్రికి ఉండిపోవాలనుకునేవారికి స్టేషను ఎదురుగా లాడ్జీలున్నాయి. నాకు ఉండే ఉద్దేశం లేదు, వాళ్ల తప్పులు రెండు పట్టుకుని సాయంత్రానికి తిరిగి రావాలనే బయలుదేరాను. మధ్యాహ్నం ఇంకో పాసింజరు పట్టుకున్నాను. బండి వంతెన ఎక్కగానే పక్కసీటావిడ కొంగుముడి విప్పి నాణెం నీళ్లలోకి విసిరింది. "మీరూ వేసి ఏదైనా కోరుకోండి" అంది. రూపాయి వేశాను. "గోదావరి తల్లీ, వాళ్లు శ్రుతి తప్పాలి" అని కోరుకున్నాను.

తల్లి వినలేదు.

కొవ్వూరు స్టేషన్లో ఆటో ఎక్కి నాలుగింటికల్లా గట్టు చేరాను. వేపచెట్ల కింద బ్యాండువాళ్లు గళ్ల లుంగీల్లో ఉన్నారు. పెళ్లిళ్లలో తొడుక్కునే ఎర్రకోట్లకి కూడా మూఢమే. స్కా అభిమానులకి నలుపు తెలుపు గళ్లంటే ప్రాణం. ఇక్కడ చూస్తే చొక్కాలు, తువ్వాళ్లు, ఒకావిడ చీర అంచు, అన్నీ గళ్లే. నేను టోపీ సంచిలోనే ఉంచేశాను.

ఇదంతా నడిపేది భవానిగారు. హైస్కూల్లో లెక్కల టీచరు. నన్ను కొత్తవాడిగా గుర్తుపట్టి మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు.

"కాకినాడనుంచా అండి! పాలకొల్లులో కూడా ఒక జట్టుందండి, వాళ్లు మరీ పరుగులు పెట్టిస్తారు. భీమవరంవాళ్లు బూట్లేసుకుని గెంతుతారు. మాది నిదానం. గెంతడం వద్దన్నవాళ్లు అరుగుమీద కూర్చుని తలాడించినా చాలండి."

పాలకొల్లులో కూడానా! భీమవరంలో కూడానా! ఇన్నేళ్లూ నేను గదిలో తలుపేసుకుని వింటుంటే, వీళ్లు జట్లు కట్టి ఊళ్లవారీగా పోట్లాడుకునేదాకా వచ్చారు. కళ్లలో నిప్పులు పోసుకుని కూర్చున్నాను.

వాయించడం మొదలైంది. మొదటి పాట నాది. అంటే నా టేపులోది. రెండోదీ నాదే, అదే వరసలో. అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేను ఆ టేపు ఒకే ఒక్క క్లాసుమేటుకి ఒక్కరాత్రికని ఇచ్చాను. అతను కొవ్వూరు వాడే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

మూడో పాట మధ్యలో బ్యాండు ఠక్కున ఆగిపోయింది. గెంతేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఒక వైపున్న ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో కేక పెట్టారు.

"బాబూ, అన్నం చల్లారిపోతోందిరా!"

రెండో వైపు మగవాళ్లు, పిల్లలు, బ్యాండువాళ్లు, అందరూ కలిసి: "వస్తున్నానమ్మా!"

ట్రంపెట్లు మళ్లీ లేచాయి. మజ్జిగ నా ప్యాంటుమీద ఒలికింది.

పాట అయ్యాక భవానిగారి దగ్గరికి వెళ్లాను. "ఆ పిలిచింది మా అమ్మండి" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా నవ్వారు. "వచ్చినవాళ్లంతా ఇదే మాటండి. కిందటి వారం తాడేపల్లిగూడెం డాక్టరుగారు మా అమ్మే అని ఏడ్చేశారు. కాపీలమీద కాపీలు కదండి, మా టేపులో గొంతు ఎవరిదో తెలీదు. అందుకే ఎవరికి కావాలంటే వాళ్లమ్మ."

"మరి ఆ జవాబు?" అన్నాను. "వస్తున్నానమ్మా అని. అది టేపులో లేదు కదా."

"లేదండి. ఆవిడ పిలుస్తుంది, ఎవరూ పలకరు. వెంటనే పాటొచ్చేస్తుంది. నాకు మనసొప్పలేదండి. పాపం, ఎంతకాలమని పిలుస్తుంది? అందుకని మేం పలుకుతాం."

అరుగుమీద వాళ్ల టేపురికార్డరు ఉంది. మంచి కండిషన్లో ఉంది. నా సంచిలో అసలు క్యాసెట్టు ఉంది, అందులో మా అమ్మ గొంతు స్పష్టంగా ఉంది. తీసి పెడితే చాలు, ఈ గట్టుమీద నన్ను మించినవాడు ఉండడు. దానికోసమే కదా వచ్చింది. చెయ్యి సంచిలోకి పోయింది కూడా.

తీయలేదు. పెద్దమనసుతో అని మీరు అనుకోవద్దు. ఆరేళ్ల తర్వాత అమ్మ గొంతు వింటూ, ఇంతమందితో పంచుకోవడం నావల్ల కాలేదు. పాటలు తీసుకున్నారు, పిలుపు తీసుకున్నారు, జవాబు కూడా వాళ్లే ఇచ్చేస్తున్నారు. గొంతైనా నాకు ఉండనివ్వండి అనిపించింది. క్యాసెట్టు బదులు టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాను. "భలే ఉందండి!" అన్నారు భవానిగారు. అదొక్కటి వాళ్లెవరికీ లేదు.

పొద్దుగూకేవేళ తిరుగుబండి ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. కింద గోదావరి రాగిరంగులో ఉంది. స్కా మీద ప్రేమున్నవారు కొవ్వూరు తప్పక వెళ్లండి, మజ్జిగ బాగుంటుంది, శ్రుతి తప్పరు. అసూయపరులు మాత్రం వెళ్లకండి. నేను ఒళ్లో సంచి పెట్టుకుని, కాకినాడలో టేపురికార్డరు బాగుచేసేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ జవాబు నేనిచ్చి ఉండాల్సింది. అందరికన్నా ముందు, అమ్మ పిలిచిన ఆ పూటే.

సామర్లకోట దాటాక ఫోను మోగింది. సుశీల.

"ఏవండీ, ఎక్కడున్నారు? అన్నం చల్లారిపోతోంది."

"వస్తున్నా!" అన్నాను. పెట్టెలో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పి చూశారు.

"అంత అరుస్తారేంటండి?" అంది మా ఆవిడ. "వినపడుతూనే ఉంది."