సువార్త కళ్ళు

యాభై ఏళ్ళుగా ఒక సంగతి నా గొంతులో కళ్లెలా అడ్డుపడి ఉంది. ఉమ్మలేదు, మింగలేదు. పోలిక అసహ్యంగా ఉందంటారా? ఉండనివ్వండి. జీవితమంతా జనం కళ్లె పరీక్షచేసి బతికినవాణ్ణి, నాకు వేరే పోలిక ఎక్కడ దొరుకుతుంది?

డెబ్బైల్లో, బెజవాడలో, క్షయ మీద పరిశోధన చేసేవాళ్ళకు ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు మీద చేతిపని నేర్పాను. కళ్లెకు ఒక రంగు పట్టించి పాదరసం దీపం వెలుగులో చూస్తే, నల్లటి చీకట్లో క్షయ క్రిములు పసుప్పచ్చటి పుల్లల్లా మెరుస్తాయి. ఆ శిక్షణకు దేశం నలుమూలల నుంచీ నలభైమంది వచ్చారని ఇంట్లో చెబుతుంటాను. వచ్చింది ఆరుగురు. నలుమూలలంటే గుంటూరు, బందరు, ఏలూరు, గుడివాడ. నేను ఆ విద్య జర్మనీలో నేర్చుకున్నానని కూడా చెప్పేవాణ్ణి. జర్మనీ నుంచి వచ్చింది మైక్రోస్కోపు. నేను ఉయ్యూరు నుంచి వచ్చాను. మద్రాసులో పదిరోజులు ఒకాయన వెనక నిలబడి నేర్చుకున్న పని అది. ఇవన్నీ నవ్వుకునే అబద్ధాలు. గొంతులో ఉన్నది ఇది కాదు.

నేను నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. మైక్రోస్కోపు మీంచి కన్ను తీయగానే వెలుతురుకు అడ్డుపలక మూసెయ్యాలి. ఆ దీపం కింద ఒకేచోట ఎక్కువసేపు ఉంచితే మెరుపు వెలిసిపోతుంది. క్రిమి అక్కడే ఉంటుంది, కనబడదు, అంతే.

ఆఖరిరోజు పరీక్షకు పెద్ద డాక్టరుగారు వచ్చారు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన గది, మే నెల ఉక్క, ఫినాయిలు వాసన. స్లైడులో క్రిములు దండిగా ఉన్న చోటు వెతికి పెట్టి, ఆయనకు నా జర్మనీ ముచ్చట్లు మొదలెట్టాను. అరగంట చెప్పాను. పలక మూయలేదు. చివరికి ఆయన కన్ను ఆనించి, "బ్రహ్మాండమయ్యా! దీపావళే!" అన్నారు. మురిసిపోయి నేనూ చూశాను. నలుపు. ఎటు చూసినా నలుపు.

స్లైడును వెంట్రుకవాసి జరిపితే చాలు. కానీ జరిపితే, పెద్దాయన చూసిన దీపావళి ఏమిటి? నేను నేర్పిన పాఠం ఏమిటి? ఆ క్షణంలో నిజంగా ఇంత ఆలోచించానా, లేక ఉత్త పిరికితనానికి ఇప్పుడు కూర్చుని కారణాలు కుడుతున్నానా? "ఒక్కొక్కరే రండి" అన్నాను.

అయిదుగురు వచ్చి చూశారు. అయిదుగురికీ కనబడ్డాయి. ఒకాయన పద్దెనిమిది లెక్కపెట్టాడు కూడా! ఆరో మనిషి సువార్త. మిషన్ ఆసుపత్రి ల్యాబులో పనిచేసే క్రైస్తవుల అమ్మాయి, పటమటలో పిన్నిగారింట్లో ఉండి నేర్చుకుంటోంది. ఈ పరీక్ష నెగ్గితే పరిశోధనలో స్లైడులు చూసే ఉద్యోగం ఆమెదే. అందరిలోకీ పని బాగా వచ్చింది ఆమెకే.

"ఏమీ కనపడట్లేదండీ."

"సరిగ్గా చూడమ్మా" అన్నాను.

"చూశానండీ. అంతా నల్లగా ఉంది."

పెద్ద డాక్టరుగారు విసుక్కున్నారు. "ఇంతమందికి కనపడి నీకొక్కదానికే ఏమొచ్చింది?"

"ఏమోనండీ. లేనిది ఉందని ఎట్లా చెప్పనండీ?"

ఆయన నావైపు తిరిగి, "ఏమయ్యా, నువ్వు చెప్పు" అన్నారు.

నేను నవ్వాను. "కళ్ళు చూపించుకోమ్మా. రేచీకటి ఇట్లాగే మొదలవుద్ది" అన్నాను. గది గదంతా నవ్వింది. ఆమె పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆనించి చూసింది. చాలాసేపు చూసింది. "నిజమేనేమోనండీ" అంది.

అందరూ వెళ్ళాక స్లైడును కొంచెం జరిపాను. కుప్పలుకుప్పలుగా మెరుస్తున్నాయి. చూసి, పలక జాగ్రత్తగా మూసి, 'చూపులో లోపం' అని ఆమె కాగితం మీద నా చేత్తోనే రాశాను. తలుచుకుంటే ఆ చెయ్యి నాది కాకపోతే బాగుండనిపిస్తుంది. ఆ కాగితం చూసి సొంత ఆసుపత్రిలోనూ ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి రానివ్వలేదు.

కొన్నేళ్ళకు హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఆమే పలకరించింది. రోగులకు చీటీలు రాస్తోందట. కళ్ళ డాక్టర్లు ముగ్గురు ఏ లోపమూ లేదన్నారట. "వాళ్ళకి దొరకలేదు గానీ ఉంది సార్. మీరు ఆరోజు చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఎంతమందికి జబ్బు లేదని రాసేసేదాన్నో!" అంటూ ఉప్పూకారం అద్దిన జామకాయ కొని నా చేతిలో పెట్టింది.

తిన్నాను. గింజలతో సహా తిన్నాను. బస్సు వచ్చేదాకా నోట్లో అది ఉంది కాబట్టి మాట్లాడనక్కర్లేకపోయింది. ఇంతకంటే రోతపుట్టించే పని మనిషి చెయ్యగలడా? ఎన్నో గిన్నెల కళ్లె చూశాను, ఎప్పుడూ వాంతి రాలేదు. ఆ జామకాయ తలుచుకుంటే వస్తుంది.

చెప్పేశాడు కదా పాపం అనకండి. ఇది రాస్తూ కూడా ముందు మిమ్మల్ని నవ్వించాకే ఇక్కడికి వచ్చాను. ఆ బుద్ధి పోలేదు. ఆమె ఎక్కడుందో, ఉందో లేదో తెలుసుకోలేదు. తెలుసుకోవడానికి భయం. అందుకే మీతో చెబుతున్నాను.

సువార్తా, నీ కళ్ళకు ఏమీ కాలేదమ్మా. ఆరోజు నాకూ ఏమీ కనబడలేదు.