ధర్మవరం విలేకరి లాగిన్

ముప్పై ఏళ్లు డెస్కులో పనిచేశాను. దయ్యం కనిపించిందంటూ వచ్చిన వార్త ఒక్కటీ వేయలేదు. ఇదీ నమ్మి రాయడం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మాది హిందూపురంలో చిన్న దినపత్రిక. పట్టుచీరల్లో నకిలీ జరీ వాడుతున్న ఒక వ్యాపారి గురించి మా ధర్మవరం విలేకరి నాగరాజప్ప రాశాడు. ఆ వ్యాపారి పెనుకొండ కోర్టులో పరువునష్టం కేసు వేశాడు. వార్త దిద్ది వేసింది నేను; ముద్దాయినీ నేనే. సమాచారం మెయిల్‌లో పంపిన నేతగాడు వచ్చి సాక్ష్యం చెబితే తప్ప శిక్ష ఖాయమని మా వకీలు చెప్పేశాడు. ఆ నేతగాడి పేరు నాగరాజప్పకు ఒక్కడికే తెలుసు. ఆయన గుండెపోటుతో పోయి నలభై రోజులైంది.

మా విలేకరులు పాస్‌వర్డ్‌ను డెస్కులో చెప్పి పెడతారు, మరిచిపోతే మేం గుర్తుచేయాలి కదా. ఆయన ఒక్కడే చెప్పలేదు. అది లేనిదే ఆయన మెయిళ్లు ఎవరికీ తెరుచుకోవు; కొత్తది పెట్టినా అంతే.

సర్వర్ చూసే గ్రేస్‌ను అడిగాను.

“సర్వర్‌లో పాస్‌వర్డ్ ఉండదు సార్, దాన్ని నలిపి చేసిన హ్యాష్ ఉంటాది. రుబ్బిన పిండిలోంచి బియ్యం తీయమంటే యాడ తీస్తాం?”

ఆ వారం ఆమె పాత హ్యాష్‌లను కొత్త పద్ధతికి మారుస్తోంది. చేత్తో మార్చేది కాదది. సరైన పాస్‌వర్డ్ కొట్టి ఎవరైనా లోపలికి వచ్చిన క్షణాన సర్వరే వాళ్లది మార్చేస్తుంది. వాయిదాకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నానికి జాబితాలో ఒక్క పాత హ్యాష్ మిగిలింది. నాగరాజప్పది.

ఇద్దరం చూస్తుండగానే అది మారింది.

గ్రేస్ లేచి నిలబడింది. “ఎవరో కొట్టినారు సార్. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.”

“యాడినుంచి?”

ఆమె లాగిన్‌ల చిట్టా రెండుసార్లు చదివింది. “ఈడినుంచే. సర్వర్ లోపల్నించే.”

సర్వర్ గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. తెరిచి చూశాం. ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి నాకు ఒక మెయిల్ వచ్చి ఉంది, నాగరాజప్ప ఖాతా నుంచి. నేతగాడు రాసిన పాత మెయిల్, చివర పేరు, వీధి. నాగరాజప్ప మాట ఒక్కటీ లేదు.

ఆయన భార్య సరోజమ్మకు ఫోన్ చేశాను.

“ఆయప్ప ఫోనూ ల్యాప్‌టాపూ బీరువాలోనే ఉండాయన్నా. నేనే తాళమేసినా. ఏమైంది?”

ఏమీ లేదమ్మా అన్నాను.

నేతగాడు భయపడుతూనే కోర్టుకు వచ్చాడు. నేనూ బోనెక్కాను. ఈ సాక్షి పేరు మీకెవరు చెప్పారని వ్యాపారి వకీలు అడిగాడు. మా ధర్మవరం విలేకరి అన్నాను.

“ఎప్పుడు?”

ప్రమాణం చేసి ఉన్నాను. నోరు తెరిచి, మళ్లీ మూశాను. పత్రికల వాళ్ల గోప్యత అనుకున్నారేమో, జడ్జి ఆ ప్రశ్న వదిలేయమన్నారు. కేసు కొట్టేశారు.

ఎప్పుడని ఇవాళ అడిగినా నేను చెప్పలేను.