మూడు లీటర్లు, ఏడు పాత్రలు

మా బాపు కిడ్నీలో రాయి ఉందని దవాఖానాలో తేలింది. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగితే దానంతటదే పడిపోవచ్చు, నెల తరువాత మళ్లీ స్కాన్ తీద్దాం, కదలకపోతే ఆపరేషన్ అన్నాడు డాక్టర్. బాపు మణుగూరు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆపరేషన్‌కేం భయపడతాడులే అనుకున్నాను. భయపడ్డాడు. అయినా నీళ్లు తాగలేదు. ఒకరోజు కొలిచి చూశాను: పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరు వందల మిల్లీలీటర్లు, అందులో చాయ్ రెండు వందలు.

"నీళ్లకు రుచే లేదురా," అన్నాడు. "బాయిల తాగిన నీళ్లు గిట్లుండెనా?"

నాది పాల్వంచలో, కరెంటు తయారయ్యే చోట నీళ్ల ల్యాబ్‌లో ఉద్యోగం. నీళ్లలో ఏది ఎంత కలిసిందో కొలవడమే పని. కాబట్టి ఈ రుచి సంగతి కూడా తేల్చవచ్చనుకున్నాను. మేమింకా మణుగూరులోనే ఉంటున్నాం; ఊరు అదే, నీళ్లు అవే, మారింది పాత్ర. బాయిలోకి బాపు మోసింది అల్యూమినియం డబ్బా. మా ఇంట్లో దాన్ని సిల్వర్ డబ్బా అంటారు, నా కెమిస్ట్రీ చదువు ఆ మాటను కదిలించలేకపోయింది. నోట్‌బుక్‌లో గీతలు గీసి ఏడు పాత్రలు రాసుకున్నాను. అన్నిట్లో ఒకే కుళాయి నీళ్లు, ఒకే వేడి. థర్మామీటర్ పెట్టి మరీ చూశాను.

బాపు చెప్పింది చెప్పినట్టు రాశాను.

స్టీలు గ్లాసు: గ్లాసే తాగినట్టున్నది.
రాగి చెంబు: నోట్లె తాళంచెయ్యి పెట్టుకున్నట్టున్నది.
కొత్త కుండ: వానకు తడిసిన గోడ నాకినట్టున్నది.
ప్లాస్టిక్ సీసా: చెప్పుల దుకాణంల నిలబడ్డట్టున్నది.
గాజు గ్లాసు: గిండ్ల ఉత్త నీళ్లే పోసినవా?
సొరకాయ బుర్ర (అడవి ఊళ్ల సంతలో అడిగి తెచ్చాను): కల్లు అనుకొని నోరు తెరిస్తే నీళ్లు పోస్తవా, మోసం చేస్తవురా కన్నతండ్రిని.

ఏడోది పాత సిల్వర్ డబ్బానే. అటక మీంచి తీసి, శుభ్రంగా తోమి ఇచ్చాను. ఒక గుక్క తాగి పక్కన పెట్టాడు. "ఇది కాదు," అన్నాడు. డబ్బా మీద ఆయనే మేకుతో చెక్కుకున్న టోకెన్ నంబరుంది.

చూసి చెబుతున్నాడు కాబట్టి ఇలా వస్తోందని ఆదివారం కళ్లకు తువ్వాలు కట్టాను. వరండాలో కుర్చీ, ముందు స్టూలు మీద ఏడు పాత్రలు. అమ్మ గుమ్మంలో నిలబడి, "ముసలోనికి గంతలు కట్టి ఏం ఆటరా," అంది. బాపు రాగిని ప్లాస్టిక్ అన్నాడు, కుండను స్టీలు అన్నాడు. అంటే ఆ మాటలన్నీ నాలుకవి కావు, కళ్లవి. తాగింది మాత్రం ఒక్కోదాంట్లో ఒక్క గుక్క.

అప్పుడు పక్కింటి కాక గోడ అవతలి నుంచి వచ్చాడు. బాపుతో ఒకే షిఫ్టులో పనిచేసినాయన. చేతిలో వాళ్లింటి స్టీలు చెంబు.

"అన్నా, ఏంది గీ శిక్ష? ఇగ, జెర నా దాంట్ల తాగు."

బాపు తువ్వాలు విప్పకుండానే చెయ్యి చాచాడు. చెంబెత్తితే దింపలేదు. ఎనిమిది వందల మిల్లీలీటర్ల చెంబు అది.

"గిది నీళ్లంటే," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"కాకా, మీ ఇంటికీ మా ఇంటికీ ఒకటే ట్యాంకు కదా," అన్నాను.

"అవ్. అయితేంది?"

బాపు అప్పుడు చెప్పాడు. బాయిలో ఎవరి డబ్బా వాళ్లు తాగరట. పైకప్పు కూలి లోపల చిక్కుకుంటే ఉండాలని సొంత నీళ్లు ముట్టకుండా పెట్టుకుంటారు. గొంతెండి దూపయితే పక్కవాణ్ని అడుగుతారు, పక్కవాడు వీళ్లను అడుగుతాడు. షిఫ్టు దిగేసరికి అందరి డబ్బాలూ ఖాళీయే.

"మరి మన నీళ్లు మనం తాగుడేందిరా," అన్నాడు బాపు, నాకే తెలివి లేనట్టు.

నోట్‌బుక్ ఎనిమిదో వరుసలో, పాత్ర దేనితో చేసిందో రాసే గడిలో "పక్కింటిది" అని రాశాను. ఇంకే మాటా దొరకలేదు.

మర్నాటి నుంచి పద్ధతి ఇది: డ్యూటీ బస్సుకు ముందు నేను మా వంటింట్లో మూడు లీటర్లు పట్టి, గోడ మీదుగా కాకకు అందిస్తాను. కాక గంటకోసారి చెంబులో పోసుకొచ్చి, "అన్నా, తాగు," అంటాడు. నీళ్లు మావేనని బాపుకు తెలుసు. కళ్లారా చూస్తాడు. తాగుతాడు. నాలుగో రోజు కాక, మరీ ఉత్తచేతులతో పంపుతావా అని, బాపు పాత సిల్వర్ డబ్బాను తాను తాగడానికి నింపించుకొని పట్టుకెళ్లాడు. రోజూ పట్టుకెళ్లడం మొదలుపెట్టాడు.

స్కాన్‌కు వారం ముందు రాయి పడింది. పడితే పరీక్షకు తెమ్మని డాక్టర్ అన్నాడని చాయ్ వడపోసే జాలి అడ్డం పెట్టుకున్నాం, రాయి కందిబేడంత ఉంది. అమ్మ ఆ జాలిని పెరట్లోకి విసిరేసింది.

ఇక అవసరం లేదని మర్నాడు నీళ్లు పట్టలేదు. బూట్లు వేసుకుంటుంటే గోడ మీద కాక తల కనిపించింది.

"ఏమాయెరా, నీళ్లేవి?"

"రాయి పడిపోయింది కదా కాకా."

"మీ బాపుకు పడ్డది. నాకు దూప కాదారా?"

ఒక కాలికి బూటుతోనే వంటింట్లోకి వెళ్లి సిల్వర్ డబ్బా నింపాను.